బల్లకు అవతలి వైపు

శిక్షణకు వచ్చే డాక్టర్లకు ఆమె మొట్టమొదట నేర్పేది తమ చేతులను తాము చూసుకోకుండా ఉండటం. నడుమును జానెడు కోసి, వెన్నెముకకు రెండువైపులా కండను ఒలిచి, కంటి ముందు కనబడే ఎముక మీద పనిచేస్తూ తలలు నెరిసిన సర్జన్లు వాళ్ళు. ఇక్కడ నడుము మీద పడే గాట్లు రెండే, ఒక్కొక్కటి చొక్కా గుండీ దూరేటంత. ఒక గాటులోంచి కెమెరా, రెండవ దానిలోంచి పనిముట్టు లోపలికి వెళ్తాయి. కెమెరా వెంట లోపలికి పారిన నీరు, పనిముట్టు పక్కగా బయటికి వస్తూ, చూపు మసకబారకుండా కడుగుతూ ఉంటుంది. లోపల జరిగేదంతా ఎదురుగా ఉన్న తెర మీద కనిపిస్తుంది. చేతి దగ్గర చూడటానికి నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. అయినా పనిముట్టు కదిలినప్పుడల్లా కొత్తవాళ్ళ కళ్ళు చేతి మీదికే దిగుతాయి.

"చేతిని చూడకండి, తెర చూడండి" అని ఆమె బల్ల బల్లకూ తిరుగుతూ పొద్దుగూకులూ అంటూనే ఉంటుంది. అందువల్లనే పూర్వం ఏదో జట్టువాళ్ళు ఆమెకు తెరమ్మ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు వెళ్ళిపోయినా, పేరు మాత్రం జట్టు నుంచి జట్టుకు ఆస్తిలాగా సంక్రమిస్తూ వచ్చింది. ఆ సంగతి తెరమ్మకు తెలుసు. తెలియనట్టు ఉండటం ఉద్యోగంలో ఒక భాగంగా భావించేది.

ఈసారి శిక్షణ నాలుగు రోజులు. పొడుగాటి గదిలో వరసగా వేసిన ఉక్కు బల్లల మీద, తమ శరీరాలను చదువుకు ఇచ్చి పోయినవారు బోర్లా పడుకుని ఉన్నారు. నడుము మీద జానెడు చోటు తప్ప తక్కినదంతా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. బల్లలన్నీ ఒకే తీరున అమర్చి ఉన్నాయి. సర్జను నిలబడేది మనిషికి ఎడమవైపు, తెర ఉండేది అవతల కుడివైపు. అలా నిలబడితే తలవైపు ఉన్న గాటు సర్జను ఎడమచేతికీ, కాళ్ళవైపు గాటు కుడిచేతికీ వస్తాయి. ఎడమచేతిలో కెమెరా, కుడిచేతిలో పనిముట్టు. ఈ అమరికకు కారణం వెన్నెముకలోనే ఉంది. పూస వెనకటి రేకులు పెంకుటింటి కప్పులాగా, పైదాని అంచు కిందిదాన్ని కప్పుతూ ఉంటాయి. కాళ్ళవైపు నుంచి వచ్చిన పనిముట్టు పెంకు కిందికి సుళువుగా దూరుతుంది. తలవైపు నుంచి వచ్చినది పెంకు మీద పడిన వాన చుక్కలాగా జారిపోతుంది.

మూడవ బల్ల దగ్గర ఒక డాక్టరు పనిముట్టును ఎడమచేతిలోకి తీసుకుంది. ముప్పై అయిదు దాటని మనిషి, ఒక చిన్న ఆసుపత్రి నుంచి వచ్చింది. పంచ్ అనే ఎముక కొరికే పనిముట్టు అది. అందరిలాగే ఎడమవైపున నిలబడి ఉండటంతో ఆమె ఎడమచెయ్యి తలవైపు గాటు మీద పడింది. పంచ్ మొన పూస అంచున రెండు మూడుసార్లు జారింది. తెరమ్మ ఆ బల్ల దగ్గరికి చేరే లోపలే పెద్దసారు చేరుకున్నారు.

ఆ శిక్షణాలయానికి పెద్దసారే కర్త, కర్మ, క్రియ. ఎత్తైన మనిషి. నవ్వించి గాని తిట్టరు, తిట్టి గాని వదలరు.

"ఏమ్మా, కుడిచెయ్యి ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"

చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. ఆ డాక్టరు మర్యాదకు తానూ నవ్వింది. "నాది ఎడమచేతి వాటం సార్. పెద్ద కోత ఆపరేషన్లన్నీ దీంతోనే చేస్తాను."

"పెద్ద కోతలో ఎవడి దారి వాడిది. ఇక్కడ అలా కుదరదు. ఈ గదిలో ఎవరి చెయ్యి వాళ్ళది కాదమ్మా, అందరిదీ ఒకటే చెయ్యి. నర్సు అందించేది ఆ చేతికి. తెర పెట్టింది ఆ చేతి కోసం. రేపు మధ్యలో నీకు కళ్ళు తిరిగితే నీ చోట ఇంకొకడు వచ్చి నిలబడాలి కదా? వాడు వచ్చి బల్లంతా సర్దుకుంటూ కూర్చుంటే ఆ పడుకున్నవాడి గతేంటి?"

అందులో న్యాయం లేకపోలేదు. తెరమ్మ తానే ఆ మాటలను ఎన్నో జట్లకు అప్పజెప్పింది. ఆ డాక్టరు పనిముట్టును కుడిచేతికి మార్చుకుంది. కొత్తకోడలిలాగా ఆ చెయ్యి పెట్టినచోటే బిగుసుకుపోయింది. వేళ్ళు కదలవలసిన చోట మణికట్టు కదిలింది, మణికట్టు కదలవలసిన చోట భుజం కదిలింది.

అదే బల్ల మీద ఆమెకు జోడీగా ఉన్నది ఎముకల డాక్టరు ఒకాయన. వృత్తి వల్లా, నోటి వల్లా కూడా అందరూ ఆయనను సుత్తి డాక్టరు అంటున్నారు. పిలిచినా నొచ్చుకోని మనిషి.

"చెల్లెమ్మా, దిగులు పడకు. మనం సుత్తీ ఉలీ పట్టుకు బతికే జాతి. మనచేత నీళ్ళలో ఈ నాజూకు పని చేయించడం ఏనుగుచేత మల్లెమొగ్గలు కోయించడమే. ఇదిగో, నాది కుడిచెయ్యే కదా, నేనేం పొడిచాను? పొద్దుటి నుంచీ పసుపు పొరేదో ఎముకేదో తెలిసి చావట్లేదు."

టీ తాగే వేళ తెరమ్మ కిటికీ దగ్గర ఉంటే ఆ డాక్టరే వచ్చి పక్కన నిలబడింది. కప్పును ఎడమచేతితో పట్టుకుంది.

"మేడం, ఆఖరి రోజు పరీక్ష కాస్త గట్టిగానే ఉంటుందటగా?"

"ఉంటుంది. చేతికి అందని పనిని చేతనవునని రాసి పంపలేం."

"మా ఆసుపత్రిలో ఈ కెమెరా మిషను కొన్నారు. ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. నేను పాసై వెళ్తే పెట్టెలు విప్పుతారట. కాకపోతే మా దగ్గరే ఇంకొకాయన ఉన్నాడు, వచ్చే జట్టుకి ఆయన్ని పంపుతారు. ఆ మిషను ఆయన చేతికి వెళ్ళిందంటే ఇక నాకు ఆ గది తలుపు తెరుచుకోదు మేడం."

"ఆయనకి చెయ్యి తిరిగిందా?"

"కుడిచేతివాటం మేడం. ప్రస్తుతానికి ఆయనకున్న అర్హత అదే."

తెరమ్మకు నవ్వు వచ్చింది. నవ్వకుండా కప్పు కింద పెట్టింది.

రెండవ రోజు మధ్యాహ్నం ఆ డాక్టరు కుడిచెయ్యి పంచ్‌తో పసుపు పొరను కొరుకుతూ, దాని కింద ఉన్న నరాల సంచిని కూడా కొరికింది. తెర మీద తెల్లని సంచికి చిన్న నోరు తెరుచుకుని, లోపలి నరాల పోగులు నీటివాలుకు బయటికి ఊగాయి. పడుకుని ఉన్న మనిషికి ఇక ఏ నొప్పీ లేదు. బతికి ఉన్న మనిషికైతే ఆ నోటి నుంచి నీరు ఊరి రోజుల తరబడి తల పగిలిపోయే నొప్పి వస్తుంది. మరో వెంట్రుకవాసి లోతుకు దిగితే పాదం పడిపోతుంది. ఇది బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు కనుక ఎవరూ చెప్పలేదు. సుత్తి డాక్టరు కూడా మాట్లాడలేదు. అది ఆయన చూపగలిగిన అతి పెద్ద సానుభూతి.

"ఇటివ్వు, చూపిస్తాను" అని తెరమ్మ చెయ్యి చాచింది. పంచ్ అందుకోబోయిన చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగి వెనక్కి వెళ్ళింది. రెండవ చెయ్యి వచ్చి అందుకుంది. తెరమ్మ పని చూపించింది. పంచ్ మొనను ముందు ఎముకకు ఆనించాలి, లోపలి గోడను తడుముతూ తిప్పాలి, కింద ఏమీ లేదని తేలాకే కొరకాలి. ఆమె కుడిచెయ్యి చాలా ఏళ్ళుగా చేస్తున్న పని అది. ఎక్కడా తొట్రుపాటు లేదు.

చేతులు కడుక్కునే చోట ఆ డాక్టరు పక్క కుళాయి తిప్పింది.

"మేడం, ఏమీ అనుకోనంటే ఒక మాట. ఇందాక పంచ్ అందుకోవడానికి మీ ఎడమచెయ్యి ముందొచ్చింది."

"అది దగ్గరగా ఉంది."

"దగ్గరగా ఉన్నది కుడిచెయ్యి మేడం."

తెరమ్మ చేతులు తుడుచుకోవటానికి పట్టవలసిన దానికన్నా ఎక్కువసేపు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో దోసకాయ తరుగుతూ ఉంటే ఆ మాట మళ్ళీ గుర్తుకు వచ్చింది. కత్తి ఎడమచేతిలో ఉంది. ఇంట్లో అది ఎప్పుడూ ఎడమచేతిలోనే ఉంటుంది. ఆసుపత్రి గేటు దాటాక కుడిచెయ్యి పనిచేస్తుంది, ఇంటి గడప దాటాక ఎడమచెయ్యి పనిచేస్తుంది. ఒకే మనిషికి రెండు ఉద్యోగాలు ఉన్నట్టు ఇదంతా ఇన్నేళ్ళూ ఏ పేచీ లేకుండా సాగిపోయింది.

అత్తగారు వంటింటి బల్ల దగ్గరికి తన కుర్చీని తానే ఈడ్చుకుంటూ వచ్చారు. ఎనభై దాటిన మనిషి. మాట పదును మాత్రం నిన్న సాన పట్టినట్టు ఉంటుంది.

"లేవకండి అత్తయ్యా, నేను వేస్తాను కదా. నడుము నొప్పి అన్నారు."

"నడుము నొప్పి అనబట్టి ఎన్నాళ్ళయింది? ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ నీ చేతిలో ఉంటాయి, నా నడుము దగ్గరికొచ్చేసరికి వేణ్ణీళ్ళ సంచి అంటావు."

"మీకు కావలసింది అదే అత్తయ్యా."

"నీకు తీరికలేని జబ్బులన్నిటికీ వేణ్ణీళ్ళ సంచే మందులే." కుర్చీని రోజూ వేసే చోట కాకుండా బల్లకు అవతల వేసుకుని ఆవిడ కూర్చున్నారు.

"అటెందుకు కూర్చున్నారు? అక్కడ గాలి రాదు."

"గాలి రాకపోతే మానె. ఈ ఇంటికి నువ్వు వచ్చినప్పటి నుంచీ నీ ఎడమపక్కన కూర్చుంటున్నా. నువ్వు ఏం తరిగినా తొక్కలన్నీ నా ఒళ్ళోనే పడతాయి. ఇవాళ ఉతికిన చీర కట్టుకున్నా."

"చెబితే నేనే చెయ్యి మార్చుకునేదాన్ని కదా."

"కాపరానికి వచ్చిన కొత్తలోనే చెప్పా. నువ్వూ మార్చావు. దోసకాయ ముక్కలు ఇంత మందాన పడ్డాయి, వేలు తెగింది, ఆ పూట కూర నేను వండా. అప్పుడే అనుకున్నా, దీని చెయ్యి మార్చడం మన వల్ల కాదని. అయితే ఈ కుర్చీ మార్చుకోవచ్చని మాత్రం ఇవాళ్టిదాకా నాకు తోచలేదు. చూశావా, బుర్ర ఉన్నా వాడకపోతే ఇంతే."

ఆవిడ తన ఉతికిన చీరను సవరించుకుంటూ, తన తెలివికి తానే ముచ్చటపడ్డారు. తెరమ్మ చేతిలో కత్తి ఆగింది. తొక్క ఒకటి సగం వరకు ఊడి దోసకాయకు వేలాడుతూ ఉంది.

"తరుగు తరుగు" అన్నారు అత్తగారు. "ఆకలేస్తోంది."

మూడవ రోజు ఉదయం పెద్దసారు నిజమైన ఆపరేషన్ చేసి చూపించారు. ఆయన థియేటర్లో ఉన్నారు. శిక్షణకు వచ్చినవాళ్ళు పక్క గదిలో వరసల్లో కూర్చుని పెద్ద తెర మీద చూస్తున్నారు. అడగదలచినది మైకులో అడిగితే ఆయన అక్కడి నుంచి జవాబు చెబుతారు. పేషెంటు నలభై ఏళ్ళ మనిషి. నడుము పూసల మధ్య ఉండే మెత్తని దిండు బయటికి పొడుచుకువచ్చి, కుడికాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతోంది.

జబ్బు కుడివైపు. పెద్దసారు నిలబడింది ఎప్పటిలాగే ఎడమవైపు. ఎడమవైపు పూస రేకును డ్రిల్లుతో కొంత అరగదీసి, నడిమి ఎముక వేరు కింద దారి తొలిచి, నరాల సంచి మీదుగా అవతలి గట్టుకు దాటి నరాన్ని చేరారు. అది పుస్తకాల్లో ఉన్న మార్గమే, కొన్ని రకాల జబ్బుకు మేలైన మార్గం కూడా. ఆయన చేతిలో అది చూడముచ్చటగా ఉంటుంది. వెనక వరసలో సుత్తి డాక్టరు "ఆహా" అన్నారు.

మైకు ఎడమచేతి డాక్టరు దగ్గరికి వచ్చింది.

"సార్, జబ్బు కుడివైపు ఉంది కదా. బాగున్న ఎడమవైపు ఎముక ఎందుకు తీశారు?"

"దారి కోసమమ్మా."

"కుడివైపు నుంచి నేరుగా వెళ్తే ఆ ఎముక తీయనక్కర్లేదు కదా సార్?"

తెర మీద పనిముట్టు కదలటం ఆగింది. ఆయన గొంతులో కోపం లేదు. "తీయనక్కర్లేదు. కానీ నేను అటు నిలబడితే నా కుడిచెయ్యి తలవైపు పడుతుంది. మొన్న నీకు పంచ్ జారింది చూశావా, అలా జారుతుంది. నా చెయ్యి ఇటు నుంచే వస్తుంది, ఏం చెయ్యను? చేతిని బట్టే దారి."

గదిలో నవ్వులు లేచాయి. మైకు మరొకరి చేతికి వెళ్ళింది.

పక్కన గోడకు ఆనుకుని నిలబడిన తెరమ్మ నవ్వలేదు. ఆ మనిషికి జరిగిన నష్టం పెద్దది కాదు. తీసిన ఎముక గోరంత. సాయంత్రానికి లేచి నడుస్తాడు, కాలి నొప్పి పోయిందని చేతులు పట్టుకుంటాడు, ఎడమవైపు తన ఎముక ఒకటి తరిగిందని ఎన్నటికీ తెలుసుకోడు. అయినా కార్యం దగ్గర మొదలుపెట్టి కారణం వరకు వెనక్కి నడిస్తే, ఆ ఎముక తరగటానికి హేతువు అతని జబ్బులో దొరకదు, డాక్టరు భుజం దగ్గర దొరుకుతుంది. పెద్దసారు విషయంలో దానికి ఒక సమాధానం ఉంది, ఆయన చెయ్యి నిజంగానే ఇటు నుంచి వస్తుంది. ఆమె కూడా కుడివైపు జబ్బులన్నిటికీ ఇన్నేళ్ళుగా ఇదే దారిన, ఇటు నుంచే దాటి వెళ్ళింది. అటు నుంచి రావలసిన చెయ్యి ఆమెకు పుట్టుకతోనే ఉంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెద్దసారు ఒక్కరే ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుంది.

"సార్, రేపటి పరీక్షకు మూడవ బల్ల తిప్పుదామనుకుంటున్నాను. ఆ అమ్మాయిని కుడివైపు నిలబెట్టి, తెర ఎడమవైపు పెట్టి. అప్పుడు ఆ అమ్మాయి ఎడమచెయ్యి కాళ్ళవైపు పడుతుంది."

"పుర్రచేతికి పల్లకీ అన్నమాట."

"పల్లకీ కాదు సార్, బల్ల."

ఆయన నవ్వి, చెంచా పక్కన పెట్టారు. "అమ్మా, నిన్ను నేను మార్చలేదా? నా దగ్గర చేరిన కొత్తలో నీ ఎడమచేతి వేళ్ళకి గాజుగుడ్డ చుట్టించి నిలబెట్టాను. గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"ఏం, నీ పని ఎవరికన్నా తక్కువైందా?"

"తక్కువ కాలేదు సార్. ఎక్కువ అయ్యేదేమోనని."

ఆయన గ్లాసులో నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నారు.

"సరే, పరీక్ష నీకు అప్పజెప్పాను, బల్ల తిప్పుకుంటావో తలకిందులు చేసుకుంటావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం విను. ఆ అమ్మాయి అందరిలాగే నిలబడి, కుడిచేత్తో ఏదో తంటాలు పడితే, కష్టపడింది కదా అని చూసీ చూడనట్టు పాస్ చేద్దామనుకున్నా. నువ్వు బల్ల తిప్పావనుకో, అప్పుడు నేను చూసే తీరతాను. తప్పు కనిపిస్తే తప్పే. సంతకం పెట్టను."

నాలుగవ రోజు ఉదయం తెరమ్మ అందరికన్నా ముందు వచ్చింది. నీటి పంపు చూసే మనిషి సాయంతో బల్లను తిప్పే పని మొదలుపెట్టింది. అనుకున్నంత సుళువుగా అయ్యే పని కాదది. తెర బండిని అటు తోస్తే కరెంటు తీగ నడిచే దారికి అడ్డం పడింది. నీటి గొట్టం పొట్టి అయింది. పారిన నీరు పోయే బకెట్టు ఇప్పుడు తప్పువైపు ఉంది.

"ఎవరి కోసం మేడం ఇదంతా?" అన్నాడు పంపు మనిషి, గొట్టానికి గొట్టం అతుకుతూ.

"ఎడమచేతి డాక్టరు కోసం."

"మా బావమరిదీ ఎడమచెయ్యే మేడం. పెట్టిన అప్పడం విరిచి తినడం తప్ప ఆ చేత్తో పనేమీ చెయ్యడు."

అంతా సర్దేసరికి ఆ డాక్టరు వచ్చింది. గుమ్మంలోనే ఆగి బల్లను చూసింది. తెరమ్మ ఎదురుచూసిన సంతోషం ఆమె ముఖంలో కనిపించలేదు.

"ఇదేంటి మేడం?"

"నీ చేతికి సరిపోయేలా తిప్పించాను."

"ఇవాళా? పరీక్ష రోజునా?" ఆమె గొంతు తగ్గించింది. "మూడు రోజులు కుడిచేత్తో కుస్తీ పట్టాను. రాత్రి గదిలో కుడిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ, తీసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు కొత్త వైపు, అద్దంలో చూసినట్టు అంతా తిరగబడి. ఒక్క మాట అడగాలి కదా మేడం? ఆయన ఈ చెయ్యి వద్దన్నారు, మీరు ఆ చెయ్యి వద్దంటున్నారు. నా చేతుల గురించి అందరూ తీర్మానం చేసేవాళ్ళే."

పంపు మనిషి గొట్టం మీది నుంచి తల ఎత్తలేదు. తెరమ్మ తిప్పిన బల్ల వైపు చూసింది. మేలు చేస్తున్నానన్న తొందరలో తాను చేసింది కూడా వేళ్ళకు గాజుగుడ్డ చుట్టటం వంటిదేనని ఆమెకు అర్థమయింది. కాకపోతే ఈసారి రెండవ చేతికి.

"నిజమే, అడగవలసింది. ఇప్పుడు అడుగుతున్నాను. పెద్దసారు ఏమన్నారో కూడా విను" అని, క్యాంటీన్‌లో జరిగిన సంభాషణ ఒక్క మాట దాచకుండా చెప్పింది. అందరిలా నిలబడితే చూసీ చూడనట్టు పాస్. బల్ల తిప్పితే తప్పుకు క్షమాపణ లేదు. "ఎటు కావాలంటే అటే. పది నిమిషాల్లో మళ్ళీ తిప్పేస్తాం."

"తిప్పేస్తాం" అన్నాడు పంపు మనిషి, దిగులుగా.

ఆ డాక్టరు బల్ల చుట్టూ ఒకసారి నడిచింది. ఎడమవైపు నిలబడి చూసింది. కుడివైపుకు వచ్చి నిలబడి, ఖాళీ చేతులను రెండు గాట్లు పడవలసిన చోట గాలిలో ఉంచి, తెర వైపు తల ఎత్తింది. ఎడమచేతి వేళ్ళు ముడుచుకుని విచ్చుకున్నాయి.

"చూసీ చూడనట్టు పాసై వెళ్తే, అక్కడ పెట్టెలు విప్పాక చూసేవాళ్ళు ఉండరు కదా మేడం" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. తరవాత, "ఇలాగే ఉండనివ్వండి" అంది.

పరీక్ష అందరికీ ఒకటే. నిలబడిన వైపు నరాన్ని సంచికి గాటు పడకుండా విడిపించి చూపించాలి. తెరమ్మ ఒక్కొక్క బల్లా చూసుకుంటూ వచ్చింది. సుత్తి డాక్టరు చెమటలు కక్కుతూ, ఎవరూ అడగకపోయినా తాను ఏం చేస్తున్నదీ ఎముక ఎముకకూ వివరిస్తూ గట్టెక్కారు. మూడవ బల్ల దగ్గర మొదటి గాటు పడేసరికి పెద్దసారు వచ్చారు. పాదాలు అలవాటు కొద్దీ ఎడమవైపుకు తీసుకుపోతే, అక్కడ తెర బండి అడ్డం వచ్చింది. చుట్టూ తిరిగి ఆ డాక్టరు వెనక నిలబడ్డారు.

మొదట్లో ఆమె కెమెరా తడబడింది. కుడిచేతికి కెమెరా కొత్త. తెర మీద పూస ఒకవైపు ఒరిగి, మళ్ళీ నిలబడింది. నీరు మసకబారింది.

"నీళ్ళు బయటికి వస్తున్నాయా?" అంది తెరమ్మ.

"రావట్లేదు మేడం." ఆమె పని ఆపింది. రెండవ గాటును కాస్త వెడల్పు చేసింది. అతుకు గొట్టంలో నీరు కదిలింది, తెర తేటపడింది. తరవాత పంచ్ కాళ్ళవైపు నుంచి వచ్చి, పూస రేకు అంచు కిందికి, సొరుగు తన గాడిలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. మొనను ఆనించింది, తడిమింది, కొరికింది. భుజం కదలలేదు. మణికట్టు కూడా కదిలీ కదలనట్టు ఉంది. ఆమె వేగంగా చేయలేదు. తక్కిన బల్లల వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి చుట్టూ చేరినా ఆమె తొందరపడలేదు. చివరకు పసుపు పొర ఒక్క తునకగా తొలగి, దాని కింద నరాల సంచీ, దాని పక్కన కుడికాలికి వెళ్ళే నరమూ, తాకినవాళ్ళు ఎవరూ లేనట్టు తెల్లగా కనిపించాయి.

పెద్దసారు తెర దగ్గరికి వంగి చూశారు. చూస్తానన్న మాట ప్రకారం చాలాసేపు చూశారు.

"ఎడమవైపు ఎముక ఎంత తీశావు?"

"తీయలేదు సార్."

"ఊఁ." ఆయన నిటారుగా నిలబడ్డారు. "కుడివైపు కాబట్టి నీ చెయ్యి కుదిరింది. రేపు ఎడమవైపు జబ్బుతో ఎవరైనా వస్తే ఏం చేస్తావు?"

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "మీలాగే సార్. ఇటు నుంచే దాటి వెళ్తాను. చేతిని బట్టే దారి."

సుత్తి డాక్టరుకు నవ్వు ఆగక దగ్గుగా మారింది. పెద్దసారు ఆయన వైపు ఒకసారి, ఆ డాక్టరు వైపు ఒకసారి చూశారు. ఆ తరవాత తానే నవ్వారు. ఎవరినీ ఎగతాళి చేయని నవ్వు జట్టువాళ్ళు ఆయన దగ్గర వినటం అదే మొదటిసారి.

"వెళ్ళి ఆ పెట్టెలు విప్పించుకో" అన్నారు. బయటికి నడుస్తూ తెరమ్మ పక్కన ఆగారు. "సోమవారం నీకు కుడివైపు కేసు ఉంది కదా. ఎటు నిలబడతావు?"

"ఎడమవైపే సార్. ఈ ఎడమచేతికి ఇంకా ఏమీ రాదు. పేషెంటు మీద నేర్చుకోలేను."

ఆయన తల ఊపారు. తలుపు తోసుకుని వెళ్ళారు.

సాయంత్రం ఎండ కిటికీల్లోంచి ఉక్కు బల్లల మీదికి వాలేవేళకు గది ఖాళీ అయింది. పంపు మనిషి మొదటి బల్ల నుంచి తీగలు చుట్టుకుంటూ వస్తున్నాడు. మూడవ బల్ల దగ్గరికి వచ్చేసరికి తెరమ్మ చేతికి తొడుగులు వేసుకుంటూ ఉంది.

"ఇది ఇంకా తీయకు. ఈ పెద్దమనిషి నడుములో ఎవరూ తాకని పూస ఒకటి మిగిలి ఉంది."

బల్లకు అవతలి వైపుకు వెళ్ళి, ఆ డాక్టరు పొద్దున నిలబడిన చోట నిలబడింది. గాట్లు పెట్టింది. కెమెరా కుడిచేతికి, పంచ్ ఎడమచేతికి తీసుకుంది. దోసకాయ తొక్కను కాగితం మందాన ఒలిచే చెయ్యి అది, ఇక్కడ దానికి ఏమీ తెలియలేదు. పంచ్ ఎముకను వెతికి తప్పిపోయింది. మళ్ళీ వెతికింది. కెమెరా పక్కకు ఒరిగింది. తనకు తెలియకుండానే ఆమె తల కిందికి వంగింది.

"మేడం."

గుమ్మంలో ఎడమచేతి డాక్టరు భుజాన సంచితో నిలబడి ఉంది. వెళ్తున్నానని చెప్పటానికి వచ్చినట్టుంది. సంచి కింద పెట్టి, బల్లకు అవతల తెర పక్కన వచ్చి నిలబడింది. కొంతసేపు పెదవి కొరుక్కుంటూ చూసింది.

"చేతిని చూడకండి" అంది చివరకు, చాలా మర్యాదగా. "తెర చూడండి."

తెరమ్మ తల ఎత్తింది. తెర మీద పంచ్, ఆమె ఎన్నడూ చూడని మూల నుంచి లోపలికి వస్తోంది.